కుక్కకి మిగిలిన డ్రాప్స్ పిల్లికి వేయొచ్చా? వసంతంలో పెరట్లో తిరిగే పెట్స్ గురించి

ప్రశ్న: నమస్తే అండి. మా ఇంట్లో రెండేళ్ల లాబ్రడార్ ఉన్నాడు, పేరు బ్రూనో, వాడితో పాటు మూడేళ్ల పిల్లి చిట్టి. చలికాలమంతా ఇద్దరూ ఇంట్లోనే ముసుగుతన్ని పడుకున్నారు, ఇప్పుడు చెట్లు చిగురించి కాస్త వెచ్చబడేసరికి తలుపు తీస్తే చాలు పెరట్లోకి ఒకటే పరుగు. పోయినేడాది సరిగ్గా ఇదే టైమ్‌లో బ్రూనోకి ఏదో కుట్టి మూతంతా బుంగలా వాచిపోయింది, ఆ తర్వాత నెలలో ఒళ్లంతా గోమార్లు (టిక్స్). ఈసారి మా అత్తయ్య ఎండలు ముదిరేదాకా ఇద్దర్నీ బయటికి వదలొద్దంటున్నారు, మా ఆయనేమో కుక్కన్నాక తిరగకపోతే ఎలా అంటున్నారు, మధ్యలో నేను. పెరట్లో మొక్కలకి మందు కొట్టించాలి, ఎలుకలు కూడా తయారయ్యాయి. బ్రూనోకి కొన్న గోమార్ల డ్రాప్స్ ఒక ట్యూబ్ మిగిలింది, చిట్టి చిన్నది కాబట్టి దానికి సగం వేస్తే సరిపోతుందా? ఇంకో మాట, బ్రూనో ఈమధ్య గడ్డి తెగ తింటున్నాడు, కడుపులో ఏమన్నా తేడానా?

జవాబు: మిగతావన్నీ తర్వాత, ముందు ఆ ట్యూబ్ తీసి చిట్టికి అందని చోట కాదు, మీ చేతికి కూడా పొరపాటున అందని చోట పెట్టేయండి. సగం వద్దు, పావు వద్దు, ఒక్క చుక్క కూడా వద్దు. కుక్కలకని అమ్మే డ్రాప్స్ చాలావాటిలో పర్మెత్రిన్ అనే మందు ఉంటుంది, కుక్క ఒంట్లో అది విరిగి బయటికి పోతుంది, పిల్లి లివర్‌కి ఆ పని సరిగ్గా చేతకాదు, అందుకని అది ఒంట్లోనే పేరుకుపోయి నరాల మీద పడుతుంది. మొదట చెవులు, మొహం అదురుతున్నట్టు ఉంటాయి, తర్వాత ఒళ్లంతా వణుకు, ఆపైన ఫిట్స్. బరువు తక్కువ కాబట్టి డోసు తగ్గిద్దాం అనే లెక్క ఇక్కడ పనికిరాదు, జంతువే వేరు. మీరు అడిగారు కాబట్టి సరిపోయింది, అడక్కుండా వేసేసేవాళ్లే ఎక్కువ, వాళ్లూ ప్రేమతోనే వేస్తారు పాపం. మీరు ఈ ఉత్తరం రాశాక ఆగలేక ఇప్పటికే వేసేసి ఉంటే మాత్రం గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోముకునే లిక్విడ్‌తో వేసినచోట బాగా కడిగి, తుడిచి, వణుకు మొదలయ్యేదాకా చూద్దాంలే అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకోటి చాలామందికి తట్టదు, బ్రూనోకి ఇలాంటి డ్రాప్స్ వేసిన రోజు చిట్టి వాడి మెడ మీద పడుకుని నాకినా ఇదే గొడవ, కాబట్టి మందు పూర్తిగా ఆరి ఒకట్రెండు రోజులు అయ్యేదాకా ఇద్దరికీ వేరే గదులు. పిల్లులకి విడిగా మందులున్నాయి, బరువు చెప్పి డాక్టర్ని అడిగి తెచ్చుకోండి.

ఇక బయటికి వదలాలా వద్దా. నేను డాక్టర్‌ని కాను, ఇరవై ఏళ్లుగా కుక్కలతో పిల్లులతో బతుకుతున్నదాన్ని, ఈ సీజన్లో ఆస్పత్రి వరండాలో కూర్చున్న రాత్రుళ్లు కూడా తక్కువేం లేవు, ఆ అనుభవంతో చెప్తున్నా. మీ అత్తయ్యగారి భయం నిజమే గానీ ఆవిడ చూపిస్తున్న దిక్కు వేరే, బయటున్న పురుగూ పుట్రా కంటే మనం చేతులారా తెచ్చి పెరట్లో పెట్టుకునేవే వీటి ప్రాణం మీదికి తెస్తాయి. మీ ఉత్తరంలోనే చూడండి, మిగిలిన డ్రాప్స్, మొక్కల మందు, ఎలుకల మందు, మూడూ మీ ఇంట్లోంచి వచ్చినవే. కాబట్టి వాళ్లని లోపల బంధించక్కర్లేదు, ఆ మూడింటినీ కట్టడి చేయండి, ఆపైన రోజూ ఓ ఐదు నిమిషాలు మీ చేతులు వాళ్ల ఒంటి మీద తిరగాలి.

ఆ ఐదు నిమిషాలు ఏం చేయాలో చెప్తా, ఎందుకంటే చాలామంది వీపు నిమిరేసి చూశాం అనుకుంటారు. గోమారి ఎక్కువగా వీపు మీద కూర్చోదు, మెత్తగా వెచ్చగా చర్మం పల్చగా ఉన్నచోటు వెతుక్కుంటుంది. చెవి మడత లోపల, చెవి మొదట్లో, కాలర్ కింద, చంకల్లో, తొడల సందున, తోక కింద, కనురెప్పల అంచున, ముఖ్యంగా కాలివేళ్ల మధ్య. బ్రూనోని పక్కకి పడుకోబెట్టి, ఒక్కో పంజా చేతిలోకి తీసుకుని, వేళ్లు విడదీసి ఆ మధ్య తోలు చూడండి. రక్తం తాగనిదైతే మహా అయితే నువ్వుగింజంత ఉంటుంది, చదునుగా గోధుమరంగులో ఉంటుంది, తాగి ఉబ్బితే బూడిదరంగు గింజలాగా మెరుస్తుంది. కళ్లకంటే వేలికొసలకే ముందు తెలుస్తుంది, వెంట్రుకల ఎదురు దిశలో నిమిరితే చిన్న పొక్కులా తగుల్తుంది. పులిపిరి అనుకుని వదిలేసేవాళ్లున్నారు, కాళ్లు ఉన్నాయేమో చూడండి, పులిపిరికి కాళ్లు ఉండవు కదా.

దొరికితే ఎలా తీయాలి అంటే, సన్నమూతి పట్టకారు తీసుకుని చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, కుదపకుండా, నిదానంగా నిటారుగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దే వద్దు, ఊపిరాడక అదే ఊడొస్తుంది అనేది పాత నమ్మకం, అలా ఇబ్బంది పెడితే అది కడుపులో ఉన్నదంతా తిరిగి కుక్క ఒంట్లోకే కక్కే ప్రమాదం ఉంది. తీసినదాన్ని గోటితో చిదమకండి, కాస్త స్పిరిట్ పోసిన సీసాలో వేసేయండి. తల లోపలే ఉండిపోయిందేమో అని కత్తీ సూదీ పెట్టి కెలకొద్దు, చిన్న ముక్క మిగిలినా ముల్లులాగా అదే బయటికొచ్చేస్తుంది, ఆ చోట కడిగి, ఎర్రబడి వాస్తుందేమో చూస్తుంటే చాలు.

రోజూ చూడమని ఎందుకు అంటున్నానంటే గోమారి కరవగానే జబ్బు అంటదు, కొన్ని జబ్బులు పాకడానికి అది ఒకట్రెండు రోజులు పట్టుకుని ఉండాలి, కొన్నింటికి కొన్ని గంటలే చాలు, కాబట్టి ఎంత తొందరగా తీస్తే అంత లాభం. కుక్కల మీద ఎక్కువగా కనిపించే గోధుమరంగు రకం ఇంకో జాణ, దానికి పెరడే అక్కర్లేదు, రక్తం తాగి కిందికి దిగి గోడ పగుళ్లలో, మంచం సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెట్టేస్తుంది, పుట్టిన పిల్లలు మళ్లీ అదే కుక్కని వెతుక్కుంటాయి. అందుకే ఇంట్లో కూర్చోబెట్టినంత మాత్రాన గోమార్లు రావు అనుకోవద్దు, పోయినేడాదివి మీ గోడల్లోనే ఉన్నా ఉండొచ్చు, బ్రూనో పడుకునే చోటు వాక్యూమ్ పట్టి, వాడి దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. ఫ్లీస్ అని బొచ్చులో గెంతే చిన్న పురుగులుంటాయి, వాటిదీ ఇదే కథ, కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతా సంతానమంతా గుడ్లుగా, పురుగులుగా, గూళ్లుగా ఇంట్లోనే పడుంటుంది, వాక్యూమ్ పట్టకుండా కుక్కకి మాత్రమే మందు వేసి మందు పనిచేయట్లేదు అంటే ఏం లాభం.

మందు ఏది అనేది డాక్టర్ నిర్ణయం. నెలకోసారి ఇచ్చే మాత్రలున్నాయి, మూడు నెలలు పనిచేసేవీ ఉన్నాయి, పైన వేసే డ్రాప్స్ ఉన్నాయి. బ్రూనోకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి, ఈ మాత్రల్లో కొన్ని అలాంటి కుక్కలకి పడవు. డ్రాప్స్ వేస్తే దానికి రెండ్రోజులు ముందూ రెండ్రోజులు తర్వాతా స్నానం వద్దు, మందు చర్మం నూనెలో కలిసి పాకాలి, షాంపూ పెట్టి కడిగేస్తే ఇక ఏముంటుంది. గోమార్లు కనిపించిన రెండుమూడు వారాల్లో వాడు తిండి మానేసినా, జ్వరంగా డల్‌గా ఉన్నా, ముక్కులోంచి రక్తం కనబడినా, చిగుళ్లు పాలిపోయినా ఎండకి నీరసం అనుకోకుండా రక్తపరీక్ష చేయించండి, గోమార్ల వల్ల వచ్చే ఈ టిక్ ఫీవర్‌ని మొదట్లో పట్టుకుంటే మందులతో నయమవుతుంది, ఆలస్యమైతే ప్లేట్‌లెట్స్ పడిపోయి చాలా కష్టపెడుతుంది. పనిలోపని దోమల సంగతి కూడా అడగండి, హార్ట్‌వార్మ్ దోమ కాటుతోనే వస్తుంది, ఆ పురుగు గుండె పక్క రక్తనాళాల్లో పెద్దదవడానికి ఆరేడు నెలలు పడుతుంది కాబట్టి ఈ వసంతంలో కుట్టింది శీతాకాలంలో బయటపడుతుంది. దానికి నెలనెలా వేసే మందు ఉంది, మొదలుపెట్టే ముందు టెస్ట్ చేస్తారు.

ఇప్పుడు గడ్డి ముళ్ల గురించి, ఇది నా సొంత తప్పు. మా కుక్క ఒకసారి ముందుకాలు వేళ్ల మధ్య అదేపనిగా నాకుతుంటే ఏదో దురద అనుకుని మూడు రోజులు ఊరుకున్నా. నాలుగో రోజు అక్కడ చిన్న ఉబ్బు, దాని మధ్యలో సూది గుచ్చినంత రంధ్రం, అందులోంచి నీరు కారుతోంది. డాక్టర్ మత్తిచ్చి లోపల వెతికి ఒక ఎండిన గడ్డి గింజ తీశారు, సెంటీమీటరు కూడా లేదు, ఆ గింజ తోకకి వెనక్కి వంగిన సన్నటి నూగు ఉంటుంది, అందుకని అది ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు, కుక్క అడుగేసిన కొద్దీ ఇంకా లోపలికి. చెవిలోకి పోతే తల ఒక్కవైపు వంచి విదిలిస్తుంది, ముక్కులోకి పోతే ఉన్నట్టుండి ఆపకుండా తుమ్ములు. చెవిలో ఉన్నదాన్ని ఇయర్‌బడ్ పెట్టి తీయబోతే ఇంకా లోపలికి తోసినట్టే. గడ్డి కంకులు పచ్చగా ఉన్నప్పుడే కోయించేసి, కోసినదంతా ఊడ్చి పారేయించండి, వాడి వేళ్ల మధ్య పొడుగు వెంట్రుకలు కత్తిరించండి, గోమార్ల కోసం ఎలాగూ పంజా విప్పి చూస్తారు కాబట్టి ఇదీ అందులోనే అయిపోతుంది.

ఎలుకల మందు దగ్గర నేను కాస్త మొండిగానే ఉంటా, కుక్కో పిల్లో తిరిగే పెరట్లో వద్దు. బోను పెట్టండి, గింజలు, చెత్త బయట వదలకండి, కన్నాలు మూయించండి. బ్రోమాడియోలోన్ లాంటి మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, దానివల్ల వచ్చే చిక్కేంటంటే తిన్న రోజు కుక్క సుబ్బరంగా తోక ఊపుతూ తిరుగుతుంది, మూడు నుంచి ఐదు రోజుల తర్వాత నీరసం, దగ్గు, ఆయాసం, ఎక్కడెక్కడో రక్తస్రావం మొదలవుతాయి, అప్పటికి మనకి ఆ మందు సంగతే గుర్తుండదు. తిన్నాడని అనుమానం రాగానే వెళ్తే వాంతి చేయించి విరుగుడుగా విటమిన్ కె1 మొదలుపెడతారు, వారాల తరబడి వాడితే బయటపడతారు. జింక్ ఫాస్ఫైడ్ రకం ఇంకా ఘోరం, కడుపులో యాసిడ్‌తో కలిసి విషవాయువు అవుతుంది, దానికి మాత్రం ఏమీ తినిపించకూడదు, తినిపిస్తే యాసిడ్ ఊరి వాయువు పెరుగుతుంది, కారులో తీసుకెళ్లేటప్పుడు అద్దాలు దించి ఉంచండి, వాడు వాంతి చేసుకుంటే ఆ వాయువు మీకూ ప్రమాదమే. ఏ మందో తెలియాలంటే ప్యాకెట్ కావాలి, అందుకని ఇంట్లోకి ఏ మందు వచ్చినా ముందు దాని లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం లాంటివి అస్సలు వద్దు, ఆ ఉప్పే విషమవుతుంది.

మొక్కల మందు కొట్టించాలి అన్నారు, కొట్టే రోజు ఇద్దరూ లోపల, ఆకులూ నేలా పూర్తిగా ఆరేదాకా, లేబుల్ మీద ఎన్ని గంటలు రాసుంటే అన్ని గంటలు. నీళ్ల గిన్నె, బొమ్మలు ముందే తీసేయండి, ఆ గిన్నె మర్చిపోతారు ఎవరైనా. మందు తడి పంజాలకి అంటితే తర్వాత వాళ్లు నాక్కునేది అవే పంజాలు. నత్తల కోసం చల్లే గుళికల్లో మెటాల్డిహైడ్ ఉన్నవి తేవొద్దు, కుక్కలకి రుచిగా ఉంటాయి, కొద్ది గంటల్లోనే వణుకు ఫిట్స్ దాకా పోతుంది. ఎముకల పొడి ఎరువు వేస్తే ఆ కుండీ తవ్వని లాబ్రడార్‌ని నేనైతే చూళ్లేదు, దాన్ని ఎక్కువగా మింగితే కడుపులో సిమెంట్ ముద్దలా అడ్డుపడుతుంది, బూజు పట్టిన కంపోస్ట్ గుంట కూడా మూత పెట్టి ఉంచాల్సిందే.

చిట్టి కోసం విడిగా ఒకటి. లిల్లీ పూలు. తెలుగులో లిల్లీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ట్యూబ్‌రోజ్, అది ఈ జాతి కాదు, నేను చెప్పేది బొకేల్లో వచ్చే పెద్ద పూల అసలు లిల్లీలు, డే లిల్లీలు. వాటి ఆకు, పువ్వు, పుప్పొడి, వాజ్‌లో నీళ్లు అన్నీ పిల్లికి విషమే, ఒంటికి అంటిన పుప్పొడి నాక్కున్నా ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు పాడైపోతాయి. కుక్క తింటే మామూలుగా కడుపునొప్పితో సరిపోతుంది, పిల్లికి ప్రాణం పోతుంది. కాబట్టి ఆ పూలు ఇంట్లో వద్దు, ఎత్తులో పెడతాం అనకండి, పిల్లికి ఎత్తేంటి. ఇద్దరికీ కలిపి గన్నేరు, సైకస్ చెట్టు ఉన్నాయేమో చూసుకోండి, గన్నేరు గుండె మీద, సైకస్ గింజలు లివర్ మీద పనిచేస్తాయి. వెచ్చబడింది కదా అని కిటికీలు తీసి పెడతారు, జాలీ గట్టిగా ఉందో లేదో చేత్తో తోసి చూడండి, పక్షిని చూసి దూకే పిల్లి ఎంత ఎత్తులో ఉన్నానో ఆలోచించదు.

పోయినేడాది మూతి వాచిందంటే తేనెటీగో కందిరీగో అయ్యుంటుంది, బ్రూనో ఎగిరే ప్రతిదాన్నీ నోటితో పట్టబోయే బాపతేమో. ఈసారి కుడితే ముల్లు కనబడితే గోటితోనో కార్డుతోనో వెంటనే గీకి తీసేయండి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి, తర్వాత ఒక గంట వాడిని వదలకుండా చూడండి. మూతి మాత్రమే వాస్తే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగడానికి టైమ్ ఉంటుంది, అదే కుట్టిన కాసేపటికే వాంతులు, విరేచనాలు, తూలడం, చిగుళ్లు తెల్లబడటం మొదలైతే అది అలర్జీ షాక్, ఫోన్లు కూడా తర్వాత, బండెక్కండి. ఒకసారి వాచిన కుక్కకి రెండోసారి ఇంకా గట్టిగా రావొచ్చు, అందుకని ఇలాంటప్పుడు ఏ మాత్ర ఎంత వేయాలి అని ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే డాక్టర్ దగ్గర రాయించి పెట్టుకోండి. మన అలర్జీ మాత్రలు కొన్నింటిలో జలుబు మందు, పారాసెటమాల్ కలిసి ఉంటాయి, పిల్లికి పారాసెటమాల్ ఒక్క మాత్రే చంపేయడానికి చాలు.

చిగుళ్లు తెల్లబడటం అని రెండుసార్లు అన్నా, మామూలుగా ఎలా ఉంటాయో తెలియకపోతే తేడా ఎలా తెలుస్తుంది, కాబట్టి ఇవాళే బ్రూనో పెదవి ఎత్తి చూడండి. గులాబీరంగులో తడిగా ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలకి కింది కనురెప్ప లోపల చూస్తారు.

ఎండ గురించి ఒక్క ముక్క. ఎండలు ముదిరాకే జాగ్రత్త అనుకుంటాం గానీ ఒళ్లు ఇంకా వేడికి అలవాటు పడని, చలికాలం బొచ్చు ఇంకా రాలని, నాలుగు నెలలు తిని కూర్చున్న లాబ్రడార్‌కి మొదటి వేడి రోజే బంతాటతో దెబ్బ తగుల్తుంది, వాడికి ఆపడం తెలీదు, మీరే బంతి దాచేయాలి. ఆయాసం ఆగక, నాలుక ముదురు ఎరుపెక్కి, తూలితే ముందు అక్కడికక్కడే ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగిలేలా చేసి, ఆ తర్వాత ఆస్పత్రి. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

చివరగా గడ్డి. కుక్కలు గడ్డి తినడం మామూలే, ఆరోగ్యంగా ఉన్నవీ తింటాయి, కడుపు బాలేకే తింటాయి అంటారు గానీ తిన్నవాటిలో చాలావాటికి వాంతే అవ్వదు, లేత చిగురు రుచి తగిలి తింటాయంతే. వాంతులు రోజూ అవుతున్నా, తిండి తగ్గినా, కంగారుగా దొరికిందల్లా మింగుతున్నా డాక్టర్‌కి చూపించండి, మలపరీక్షలో నులిపురుగులు కూడా తేలతాయి. అవేం లేకపోతే తిననివ్వండి, వాడు రోజూ ఏ మూల మేస్తున్నాడో మాత్రం గమనించి, మందు కొట్టే మనిషి వచ్చినప్పుడు ఆ మూల చూపించి అటు కొట్టొద్దని చెప్పండి.